పగలు లుంగీ, పగలు నైటీ: ఇంటి దుస్తులకు వేళ నిర్ణయించేది ఎవరు?

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో పొద్దు తొందరగా పొడుస్తుంది. దేశమంతటికీ ఒకటే గడియారం. ఆ గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ సమీపం నుంచి పోతుంది. డిగ్లీపూర్ దాదాపు 93 డిగ్రీల మీద ఉంది. అందువల్ల సూర్యుడు అక్కడ గడియారం కంటే సుమారు 42 నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో తెల్లవారుజామున అయిదు కొట్టకముందే ఎండ కనిపిస్తుంది. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే దీపాలు వెలిగించవలసి వస్తుంది. పగటి దుస్తులు, రాత్రి దుస్తులు అన్న విభజనను గడియారంతో ముడిపెడితే ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే: పగలంటే ఎక్కడి పగలు?

డిగ్లీపూర్‌లో రాత్రి దుస్తులు, ఇంటి దుస్తులు అని రెండు వేరు రకాలు ఉన్న ఇళ్ళు తక్కువ. మధ్యాహ్నం ఇంటి పట్టున ఉన్న పురుషుడు గళ్ళ లుంగీలో, స్త్రీ నైటీలో, కుర్రవాడు నాడా పైజామాలోనో నిక్కరులోనో కనిపించడం అక్కడ విశేషం కాదు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు 1950 దశకంలో అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. వారితోపాటు తమిళులు, మలయాళీలు, ఛోటానాగపూర్ నుంచి వచ్చినవారు, తెలుగువారు ఆ దీవుల్లో కలిసి బ్రతుకుతున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో 13 శాతం పైచిలుకు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. వంటలో, పండుగలో, భాషలో ఎవరి ఇల్లు వారిది. ఇంటి దుస్తుల విషయంలో మాత్రం అందరూ ఇంచుమించు ఒకటే.

దీనికి వాతావరణం ఒక కారణం. మే నుంచి డిసెంబరు వరకు రెండు రుతుపవనాలూ దీవులను తడుపుతూనే ఉంటాయి. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ఉతికి ఆరేసిన చీర రెండో రోజుకు కూడా పూర్తిగా ఆరని వారాలు ఏటా ఉంటాయి. అటువంటి చోట పడుకునేందుకు ఒక జత, ఇంట్లో ఉండేందుకు ఒక జత, గడప దాటేందుకు ఒక జత అన్న పద్ధతి నిలవడం కష్టం. అయితే వాతావరణం మొత్తం కథ కాదు. హైదరాబాదు పొడి వేడిలోనూ, అమెరికాలో వేడి యంత్రాలు నడిచే తెలుగువారి ఇళ్ళలోనూ ఇవే దుస్తులు పగలంతా ఒంటి మీద ఉంటున్నాయి.

పైజామా అన్న మాట పారసీకం నుంచి వచ్చింది. పాయ్ అంటే కాలు, జామా అంటే వస్త్రం. కాలికి తొడిగే బట్ట అన్న అర్థమే తప్ప నిద్రతో దానికి సంబంధం లేదు. దర్బారులోనూ, ప్రార్థనలోనూ, బజారులోనూ తొడిగిన పగటి దుస్తు అది. మన ఊళ్ళలో లాల్చీ పైజామా అంటే ఇప్పటికీ సభకో, పెళ్ళికో తయారైన మనిషే గుర్తుకొస్తాడు. ఇక్కడికి వచ్చిన యూరోపియన్లు ఈ వదులు బట్టను ఇంట్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు, నిద్రపోయేటప్పుడు తొడగడం అలవాటు చేసుకున్నారు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ వాడుకను నమోదు చేసింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇంగ్లండులో పురుషులు తొడిగే పొడవాటి రాత్రి చొక్కా స్థానాన్ని పైజామా ఆక్రమించింది. ఆ తరువాత అదే బట్ట చారలతో, గుండీలతో, నైట్ ప్యాంటు అన్న కొత్త పేరుతో మన దుకాణాలకు తిరిగి వచ్చింది. పగటి బట్టగా వెళ్ళి రాత్రి బట్టగా తిరిగొచ్చిందన్నమాట.

నైటీది దీనికి సరిగ్గా ఎదురు ప్రయాణం. పేరులోనే రాత్రి ఉన్న ఆ వస్త్రం ఆంగ్ల స్త్రీల పడకగది దుస్తు. గత నాలుగైదు దశాబ్దాల్లో అది దక్షిణాది మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది, అక్కడి నుంచి పల్లెలకు చేరింది. వచ్చే దారిలోనే రూపు మార్చుకుంది. పల్చని సిల్కు పోయి ముతక నూలు వచ్చింది. మెడ పైకి జరిగింది, చేతులు పొడవయ్యాయి, జేబు కూడా వచ్చి చేరింది. సంతలో వేలాడే పూల అచ్చు నైటీని చూసి అది పడకగది దుస్తు అని ఇంగ్లండు నుంచి వచ్చినవారు పోల్చుకోలేరు. పేరు మాత్రం మారలేదు. తరువాత తలెత్తిన తగాదాలన్నిటికీ సగం కారణం ఆ పేరే.

లుంగీకి ఇటువంటి తగాదా ఎన్నడూ రాలేదు. పులికాట్ రేవు నుంచి, కోరమాండల్ తీరం నుంచి గళ్ళ బట్ట శతాబ్దాల పాటు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయింది. రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలు అక్కడ లోంజీ కట్టడం చూశారు, తామూ కట్టారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే బర్మాలో భారతీయులకు పేరుగా నిలిచింది. డిగ్లీపూర్‌కు ఉత్తరాన సముద్రంలో ఉన్న కోకో దీవులు నేటి మయన్మార్‌వే. దక్షిణాన మాయాబందర్ పరిసరాల్లో 1925 నుంచి బర్మా కరెన్‌లు స్థిరపడ్డారు. ఇరుగుపొరుగు దేశాలవారందరూ నడుముకు చుట్టుకునే ఆ బట్టను పగటిదనీ, రాత్రిదనీ ఎవరూ విడదీయలేదు. పడుకున్నదీ లుంగీలోనే, లేచి పళ్ళు తోముకున్నదీ లుంగీలోనే, దాన్ని మోకాళ్ళ పైకి మడిచి కట్టి టీకొట్టు దాకా వెళ్ళినదీ లుంగీలోనే.

తెలుగు ఇళ్ళలో దుస్తులకు వేళ అన్నది పూర్వం లేకపోలేదు. రాత్రి ఒంటి మీద ఉన్న బట్టను మైలగా ఎంచి, స్నానం చేసి ఉతికిన బట్ట కట్టాకే వంటింట్లో అడుగుపెట్టే ఆచారం చాలా కుటుంబాల్లో ఉండేది. మడి కట్టుకునే ఇళ్ళలో ఆ నియమం మరింత కఠినం. ఈ ఆచారం నైటీతో పోయిందని పెద్దవారు విచారపడటం వింటూనే ఉంటాం. వాస్తవం కొంచెం వేరు. ఇప్పటికీ ఎందరో గృహిణులు పొద్దున్నే స్నానం చేసి ఉతికిన మరో నైటీ తొడుక్కుంటారు. రాత్రి నైటీ వేరు, పగటి నైటీ వేరు. ఎదుటివారి కంటికి రెండూ ఒకటే. తొడిగిన మనిషికి కావు. గుమ్మం దగ్గర పిలుపు వినగానే దండెం మీద తువ్వాలో చున్నీయో లాగి భుజాల మీద వేసుకుని తలుపు తీయడం కూడా ఇటువంటి నియమమే. రాతలో ఎక్కడా లేదు, అయినా శ్రీకాకుళం నుంచి డిగ్లీపూర్ దాకా ఎవరూ తప్పరు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రవాడికి తువ్వాలు చాలు. బంధువులు వస్తున్నారని ఫోను వస్తే చీర.

నైటీ అంతగా ఎందుకు నిలదొక్కుకుందో తెలియాలంటే పని లెక్కలు చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97 నిమిషాలు. రోజుకు దాదాపు అయిదు గంటలు వంగి, లేచి, నీళ్ళు మోసి, పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అయిదున్నర మీటర్ల చీర, లోపావడా, బిగుతు రవిక పెద్ద భారం. ఏళ్ళ తరబడి లోపావడా నాడా నడుముకు బిగించి కట్టడం వల్ల చర్మం ఒరుసుకుపోయి పుండు పడటం, అరుదుగా ఆ పుండు కేన్సరుగా మారడం వైద్య పత్రికల్లో నమోదైంది. నైటీలో బిగింపు లేదు, కుచ్చిళ్ళు లేవు. దాన్ని ఉతకడం, ఆరేయడం రెండు నిమిషాల పని. ఉద్యోగి కార్యాలయం నుంచి ఇంటికి వచ్చి దుస్తులు మారుస్తాడు. ఇల్లే కార్యస్థానమైన మనిషికి అటువంటి ఇంటికి చేరే వేళ అంటూ లేదు. ఆమె ఒంటి మీద ఉన్నది పని దుస్తు. దాన్ని బద్ధకానికి గుర్తుగా చూడటం ఆ పనిని చూడకపోవడమే.

ఈ విషయం 2018 నవంబరులో వీధికెక్కింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లి గ్రామంలో పెద్దల కమిటీ ఒక కట్టుబాటు విధించింది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు గంటల వరకు మహిళలు నైటీ ధరించరాదు. ధరిస్తే రెండు వేల రూపాయల జరిమానా. ధరించినవారి సమాచారం ఇచ్చినవారికి వెయ్యి రూపాయల బహుమతి. మహిళలు నైటీలతో వీధుల్లోకి, దుకాణాలకు రావడం బాగుండటం లేదన్నది పెద్దలు చూపిన కారణం. వార్త దేశ విదేశాల్లో ప్రచారమయ్యాక రెవెన్యూ, పోలీసు అధికారులు గ్రామానికి వెళ్ళి, ఇటువంటి ఆంక్షలకు, జరిమానాలకు చట్టబద్ధత లేదని చెప్పారు.

నాటి చర్చ ఎక్కువగా జరిమానా మొత్తం చుట్టూ తిరిగింది. పరిశీలించవలసిన అంశాలు వేరే ఉన్నాయి. మొదటిది, కట్టుబాటు లుంగీ మాట ఎత్తలేదు. అదే వీధిలో మోకాలి పైకి మడిచిన లుంగీతో తిరిగే పురుషుడికి ఏ వేళా నిర్ణయించలేదు. రెండవది, సమాచారం ఇచ్చినవారికి బహుమతి. ఇరుగింటి మీద పొరుగింటిని కాపలా పెట్టే ఏర్పాటు ఇది. దుస్తుల మర్యాద కాపాడటానికి ఎంచుకున్న మార్గంలోనే మర్యాద లోపించింది. మూడవది గడియారం. ఏడు నుంచి ఏడు అన్న ఆ నియమాన్ని డిగ్లీపూర్‌కు తీసుకువెళితే, డిసెంబరులో చీకటి పడిన రెండు గంటల తరువాత కూడా అక్కడి స్త్రీ పగటి దుస్తుల్లోనే ఉండాలి. జూన్‌లో తెల్లవారిన రెండు గంటల దాకా రాత్రి దుస్తుల్లో ఉండవచ్చు.

తోకలపల్లి ఒంటరి ఉదాహరణ కాదు. 2014లో నవీ ముంబయిలోని గోఠివలి గ్రామంలో పగటిపూట నైటీ ధరిస్తే అయిదు వందల రూపాయలు కట్టాలని తీర్మానించినది ఒక మహిళా మండలే. ఇటువంటి ఆంక్షలు పురుషులే పెడతారన్న తేలిక నిర్ణయానికి ఆ ఉదాహరణ అడ్డు వస్తుంది. 2023 జూన్‌లో గ్రేటర్ నోయిడాలోని ఒక అపార్టుమెంటు సంఘం లుంగీ, నైటీలతో ఉమ్మడి ఆవరణలో తిరగవద్దని నివాసులను కోరింది. అందులో జరిమానా లేదు, స్త్రీ పురుషులకు ఒకే మాట చెప్పింది. అయినా విమర్శలు తప్పలేదు. బయటి దేశాలూ దీనికి మినహాయింపు కాదు. 2010 ప్రపంచ ప్రదర్శనకు ముందు షాంఘై నగరం వీధుల్లో పైజామాలు వద్దని ప్రచారం చేసింది. 2020 జనవరిలో చైనా అన్హుయి రాష్ట్రంలోని సుజౌ నగర అధికారులు పైజామాలతో వీధిలోకి వచ్చినవారి ఫొటోలు, పేర్లు ప్రకటించి, నిరసన రావడంతో క్షమాపణ చెప్పారు. 2016లో ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో ఒక పాఠశాల, పిల్లలను దింపడానికి పైజామాలతో రావద్దని తల్లిదండ్రులకు లేఖ రాసింది.

మన దేశంలో చట్టం ఏమంటుంది? సాధారణ పౌరుడు ఇంట్లోనో, వీధిలోనో ఏ వేళ ఏ దుస్తు ధరించాలో చెప్పే చట్టం లేదు. దుస్తుల ద్వారా తన లింగ గుర్తింపును వ్యక్తం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2014 ఏప్రిల్‌లో నల్సా కేసు తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొంది. కుల పెద్దలకు గానీ, గ్రామ కమిటీలకు గానీ జరిమానా విధించే అధికారం లేదు. ఒక కార్యాలయం, ఒక పాఠశాల, ఒక న్యాయస్థానం తన పరిధిలో దుస్తుల నియమం పెట్టుకోవడం వేరు సంగతి.

న్యాయస్థానాల ప్రస్తావన ఊరికే రాలేదు. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనప్పుడు కచేరీ ఇంట్లోకి వచ్చింది. ఏప్రిల్‌లో ఒక న్యాయవాది బనియన్‌తో వీడియో విచారణకు హాజరు కావడంతో రాజస్థాన్ హైకోర్టు బెయిలు విచారణను వాయిదా వేసింది. మే నెలలో సుప్రీంకోర్టు వీడియో విచారణల వరకు నల్ల కోటు, గౌను అవసరం లేదని సడలింపు ఇచ్చింది. తెల్ల చొక్కా లేదా తెల్ల చీర, తెల్ల సల్వార్ కమీజ్, మెడకు తెల్ల పట్టీ చాలని చెప్పింది. జూన్‌లో మరో న్యాయవాది టీషర్టుతో మంచం మీద పడుకుని విచారణకు హాజరు కావడాన్ని తప్పుపట్టింది. నడుము పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ ఆ రోజుల్లో ఉద్యోగుల ఇళ్ళలో అలిఖిత ఏకరూప దుస్తు అయింది.

పగలంతా రాత్రి దుస్తుల్లో ఉంటే పని చెడుతుందా? సిడ్నీలోని వూల్‌కాక్ వైద్య పరిశోధన సంస్థకు చెందినవారు ఈ ప్రశ్ననే పరిశీలించి 2020లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పని సామర్థ్యానికి, పైజామాకు సంబంధం కనిపించలేదు. మానసిక స్థితిలో మాత్రం తేడా కనిపించింది. వారంలో కనీసం ఒక రోజు పగలు పైజామాలో పనిచేసినవారిలో 59 శాతం మంది తమ మానసిక ఆరోగ్యం తగ్గిందన్నారు. అలా చేయనివారిలో ఆ మాట అన్నది 26 శాతం. సర్వేలో పాల్గొన్నవారు రెండు వందల మంది కూడా లేరు. పైగా పైజామా వల్ల దిగులు వచ్చిందో, దిగులు వల్ల బట్ట మార్చుకోబుద్ధి కాలేదో ఇటువంటి సర్వే తేల్చలేదు. తెల్ల కోటు తొడిగితే ఏకాగ్రత పెరుగుతుందని 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన ప్రయోగాన్ని 2019లో మరొక బృందం మళ్ళీ చేసినప్పుడు అదే ఫలితం రాలేదు. దుస్తు మనసును మారుస్తుందన్న వాదనకు ప్రచారం ఉన్నంతగా రుజువు లేదు.

శరీరం సంగతి వేరు. వయసు మళ్ళినవారి విషయంలో రుజువు బలంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో వారి కాళ్ళ కండ సగటున దాదాపు ఒక కిలో తగ్గిపోయింది. ఈ అధ్యయనం 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2018లో వృద్ధ రోగులను పైజామా విప్పించి, వారి మామూలు బట్టలు తొడిగించి, లేపి నడిపించే ప్రచారం పెద్దయెత్తున సాగింది. అక్కడ దోషం బట్టది కాదు. రోగి దుస్తులో ఉన్న మనిషిని అందరూ మంచానికే పరిమితం చేస్తారు, కొన్నాళ్ళకు అతడూ పరిమితమైపోతాడు. మన ఇళ్ళలో లుంగీ ఆ పాత్ర పోషించదు, ఎందుకంటే లుంగీలో తాతగారు పాల కోసం వెళతారు, మొక్కలకు నీళ్ళు పోస్తారు. చూడవలసింది ఆయన ఏ బట్టలో ఉన్నారని కాదు, అరుగు దాకా వచ్చారా లేదా అని.

డిగ్లీపూర్ వంటి తేమ ప్రదేశాల్లో మరో జాగ్రత్త అవసరం. చెమటతో తడిసిన బట్టనే రాత్రీ పగలూ ఉంచుకుంటే గజ్జల్లో, నడుము మడతల్లో తామర వస్తుంది. పూర్తిగా ఆరని బట్ట తొడగడం కూడా అంతే హాని. వదులైన నూలు బట్టను రోజూ మార్చుకోవాలి. అది నైటీ అయినా చీర అయినా చర్మానికి ఒకటే.

పొయ్యి దగ్గర మాత్రం ఒకటి కాదు. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్ర కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వదులుగా వేలాడే చేతులు, కొంగు, భుజం మీది చున్నీ మంట మీదుగా చేయి చాచినప్పుడు అంటుకుంటాయి. నూలు త్వరగా మండుతుంది. నైలాన్, పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుపోతాయి, ఆ గాయం లోతుగా ఉంటుంది. రాత్రి దుస్తుల మంట భద్రతకు బ్రిటన్ 1985లోనే ప్రత్యేక నిబంధనలు చేసింది. ఇక్కడ కొనేవారే చూసుకోవాలి: వంట చేసేటప్పుడు నూలు నైటీ, మోచేతి దాకా బిగుతైన చేతులు. తువ్వాలు తలుపు దగ్గర వేసుకున్నది తలుపు దగ్గరే తీసేయాలి. బట్ట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు ధారగా చల్లని నీళ్ళు పోయాలి. సిరా, పళ్ళపొడి పూయరాదు.

ఇక ఇంట్లోవారు గమనించవలసిన సందర్భం ఒకటి ఉంది. రోజూ స్నానం చేసి, బట్ట మార్చి, నలుగురితో మాట్లాడే మనిషి హఠాత్తుగా అన్నీ మానేసి రెండు వారాలకు పైగా అదే బట్టలో, అదే గదిలో ఉండిపోతే, నిద్ర, ఆకలి తప్పితే, ఆ బట్టను చూసి మందలించడం వల్ల ప్రయోజనం లేదు. అది కుంగుబాటు లక్షణం కావచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు అందుబాటులో ఉంటుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అండమాన్ దీవుల్లోనూ అదే నంబరు, పిలుపు ఉచితం.